సిరంజి లేదని చెప్పిన రోజులు

మా నాన్నది తెనాలి దగ్గర ఒక చిన్న మెడికల్ షాపు, నేను స్కూల్ అయ్యాక కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చుని హోంవర్క్ రాసుకుంటుంటే ఎవరో ఒకరు వచ్చి "ఐదు ఎంఎల్ సిరంజి ఒకటి ఇవ్వండి" అనేవాళ్లు. నాన్న ఎవరికి ఎందుకు అని అడిగేవాడు కాదు, ఒకటి చింపి ఇచ్చి చిల్లర గల్లాలో వేసుకునేవాడు, అంతే. అదే నేను అమెరికా వచ్చి చదివి, పరీక్షలు రాసి, లైసెన్స్ తెచ్చుకుని దక్షిణ ఇండియానాలో ఫార్మసిస్ట్‌గా కౌంటర్ వెనక నిలబడ్డాక మాత్రం సిరంజి అడిగిన వాళ్లని తిప్పి పంపడంలో ఆరితేరిపోయాను.

ఇక్కడ రూలు ఏంటంటే డాక్టర్ చీటీ లేకుండా కూడా సిరంజిలు అమ్మొచ్చు, కానీ అమ్మాలా వద్దా అనేది మా ఇష్టం. అదే సిరంజి డ్రగ్స్ కోసం పెట్టుకుని పోలీసులకి దొరికితే మాత్రం ఫెలొనీ, అంటే పెద్ద నేరం కేసు. అందుకని మాలో చాలామంది అలవాటుగా ఒక ప్రశ్న వేసేవాళ్లం, ఏ ఇన్సులిన్ వాడతారు అని. చెప్పలేకపోతే "స్టాక్ లేదండీ". 2014 ఎండాకాలంలో ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయేమో, అంత ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా. అమ్మమ్మకి అంది. ఏ ఇన్సులిన్ అన్నాను. నోరు తెరిచి మళ్లీ మూసేసుకుంది. లేవు అన్నాను, డబ్బా నా భుజం వెనక షెల్ఫ్‌లో కనపడుతూనే ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది, థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఏదో మంచి పని చేశాననే అనుకున్నా, నిజంగా.

ఆర్నెల్లు తిరక్కుండానే మా ఇండియానాలోనే ఉన్న స్కాట్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) హెచ్ఐవీ వార్త బయటికొచ్చింది. లూయివిల్ నుంచి ఐ-65 హైవే మీద ఉత్తరానికి వస్తే ఆ కౌంటీలో ఆస్టిన్ అని ఊరు తగులుతుంది, టెక్సాస్ ఆస్టిన్ కాదు, జనాభా 4,300 లోపే, మా మండలంలో ఒక మోస్తరు పల్లె అంత. కౌంటీ మొత్తానికి ఏడాదికి ఐదు హెచ్ఐవీ కేసులు కూడా వచ్చేవి కావు. అలాంటిది 2015 జనవరిలో ఒకదానితో ఒకటి ముడిపడిన 11 కేసులు బయటపడ్డాయి, ఆ ఏడాది నవంబర్ మొదటికి 181 అయ్యాయి, తర్వాత రెండొందలు దాటాయి. దాదాపు అందరిలోనూ ఒకటే వైరస్, అంటే ఒకే చోట నుంచి చేతులు మారుతూ వచ్చిందన్నమాట. ఇంకో లెక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది, ఆ 181 మందిలో నూటికి 92 మందికి అప్పటికే హెపటైటిస్ సి, అంటే రక్తం ద్వారానే అంటుకునే కాలేయం జబ్బు, కూడా తగులుకుని ఉంది. హెపటైటిస్ సి ముందొచ్చి తలుపు తట్టింది, ఎవరూ తీయలేదు. కౌంటీలో హెచ్ఐవీ టెస్ట్ చేసే ఒక్క క్లినిక్కూ 2013లోనే మూతపడింది.

వాళ్లు ఎక్కించుకున్నది హెరాయిన్ అనుకుంటారు చాలామంది, కాదు, ఓపానా అనే నొప్పి మాత్ర. మా షెల్ఫ్‌లో ఉండేదే. జనం దాన్ని పొడి కొట్టి ముక్కుతో పీలుస్తున్నారని కంపెనీ 2012లో నలగని మాత్రగా మార్చింది, దాంతో పీల్చేవాళ్లు మానలేదు, సూదికి మళ్లారు. చివరికి 2017లో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీసేయమని అడిగితే అప్పుడు పోయింది. మాత్ర చాలా ఖరీదు కాబట్టి ఒక్కదాన్ని నలుగురు పంచుకునేవాళ్లు, మత్తు తొందరగా దిగిపోతుంది కాబట్టి రోజుకి నాలుగు సార్ల నుంచి పదిహేను సార్ల దాకా. అమ్మమ్మ, కూతురు, మనవడు ఒకే గదిలో కూర్చుని ఎక్కించుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒకటి చెప్పాలి, మన వాళ్లకి ఎయిడ్స్ అనగానే హైవే, లారీ డ్రైవర్లు, ఆ బోర్డులు గుర్తొస్తాయి, సూది అనేది ఆ పాంప్లెట్‌లో నాలుగో బొమ్మ. ఆ బొమ్మలో కూడా సూది ఒక్కటే ఉంటుంది. కానీ సొంత సూదే వాడినా స్పూన్ ఒకటే, దూది ఒకటే, గ్లాసులో నీళ్లు ఒకటే అయితే రక్తం వాటి మీదుగా కూడా నడుస్తుంది, కంటికి కనపడనంత చాలు. ల్యాబ్‌లో పరీక్షిస్తే సిరంజిలో మిగిలిన రక్తంలో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా బతికుంది. పిస్టన్ పూర్తిగా నొక్కాక కూడా సూది మొదట్లో మిగిలిపోయే ఆ చుక్కదే అసలు పేచీ. సూది విడిగా తగిలించే సిరంజిలో ఆ చుక్క ఎక్కువ మిగులుతుంది, సూది అతికే ఉండే ఇన్సులిన్ సిరంజిలో చాలా తక్కువ. అంటే నేను ఆ అమ్మాయికి లేదని చెప్పింది ఉన్నవాటిలో కాస్త నయమైన రకాన్నే. ఇది నేను చదువుకున్నదే, పరీక్షలో రాసిందే, కౌంటర్ దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

ఈ గొడవంతా ఫోన్‌లో నాన్నకి చెప్తే "మన ఊరి ఆర్ఎంపీ గుర్తున్నాడా" అన్నాడు. గుర్తులేకపోవడమేంటి, కిరోసిన్ స్టవ్ మీద స్టీలు డబ్బాలో గాజు సిరంజి కుతకుతలాడుతుండేది, జ్వరాల సీజన్‌లో జనం ఎక్కువైతే ఆ ఉడకబెట్టడం కూడా ఉండేది కాదు, ఒకరికి వేసి వేడినీళ్లలో ఒకసారి ముంచి ఇంకొకరికి. అందులో ఏ మత్తూ లేదు, జ్వరమే. "అందుకేరా షాపు పెట్టాక సిరంజి అడిగితే ఎందుకని నేను అడగలా, ఇవ్వకపోతే వాడు పొడిపించుకోవడం మానతాడా, పాతది కడిగి వాడతాడు" అన్నాడు. పదో తరగతి దాటని మనిషి.

ఇండియానాలో అప్పటిదాకా డ్రగ్స్ వాడేవాళ్లకి సిరంజిలు పంచిపెట్టడం చట్టవిరుద్ధం. అప్పటి గవర్నర్ మైక్ పెన్స్‌కి అది ఇష్టం లేదు కూడా, కానీ 2015 మార్చి 26న ఎమర్జెన్సీ ప్రకటించాల్సొచ్చింది, ఏప్రిల్ మొదటి వారంలో ఆస్టిన్‌లో పంపిణీ మొదలైంది. వాడిన సూదులు తెచ్చి ఇస్తే కొత్తవి, అక్కడే హెచ్ఐవీ టెస్ట్, అక్కడే ఇన్సూరెన్స్ కాగితాలు. మెల్లగా కొత్త కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతకి వచ్చాయి. కేసులు తగ్గాయి కదా అని 2021 జూన్‌లో కౌంటీ కమిషనర్లు ముగ్గురిలో ఇద్దరు ఓటేసి ఆ సెంటరే ఎత్తేయాలని తీర్మానించారు. గొడుగు ఉంది కాబట్టి తడవలేదు, తడవలేదు కాబట్టి గొడుగెందుకు, ఇదీ వరస.

మనోళ్లు వెనకబడ్డారనుకోకండి, మణిపూర్ 1990 నుంచే సూదుల ద్వారా హెచ్ఐవీ పాకడం చూసింది, మన 2017 హెచ్ఐవీ చట్టంలో అయితే ఇలా కొత్త సూదులిచ్చేవాళ్ల మీద కేసు పెట్టకూడదని ఒక సెక్షనే ఉంది. మందు సంగతి చూడండి. 2015లో నేను హెపటైటిస్ సి మాత్రలు కౌంటర్ మీద పెడుతుంటే చేతులు వణికేవి, ఒక్క మాత్ర 1,000 డాలర్లు, సీసాలో 28. అదే ఏడాది హైదరాబాద్‌లో నాట్కో వాళ్లు అదే మందు అన్నే మాత్రలు 20 వేల రూపాయల లోపు తెచ్చారు. ఇంకో మందుతో కలిపి మూడు నెలలు వాడితే నూటికి తొంభై మందికి పైగా పూర్తిగా పోతుంది, కానీ మళ్లీ వేరేవాళ్ల సూది వాడితే మళ్లీ వస్తుంది, హెపటైటిస్ బి కి ఉన్నట్టు దీనికి టీకా లేదు.

ఆ అమ్మాయి మళ్లీ కనపడలేదు. ఇప్పుడు ఏ ఇన్సులిన్ అని అడగను. మొన్న సాయంత్రం ఒకతను వచ్చాడు, చేతుల మీద గ్రీజు మరకలు, ఒక్కటి విడిగా అమ్ముతారా అన్నాడు, ఇక్కడ పది ప్యాకెట్టే, విడిగా రాదు. చిల్లర లెక్కపెడితే నలభై సెంట్లు తగ్గాయి, నేను వేశాను. అక్కడే ప్యాకెట్ చింపి ఐదు ఒక జేబులో, ఐదు ఇంకో జేబులో వేసుకున్నాడు.

"ఇవి మా తమ్ముడివి" అన్నాడు రెండో జేబు తట్టి.