మామ అంగట్లో ‘ఏఐ’

తిరుపతి గాంధీ రోడ్డులో మా మామకి ఇత్తడి సామాన్ల అంగడి ఉంది. మొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లొచ్చి, ‘ఏఐ వెర్షన్’ అని చెప్పి రెట్టింపు డబ్బు తీసుకున్నారు.

నిన్న నేను కూర్చుని చూశాను. కుందులు పదికి తగ్గితే ఎర్ర గుర్తు వస్తుంది, అంతే. ఆ పది అంకె కూడా మామ తన చేత్తో కొట్టిందే! బ్రహ్మోత్సవాలకి ఎన్ని అమ్ముడుపోతాయో ఆయనకి తెలుసు, దానికి తెలీదు. 1956లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో ఏఐ అనే పేరుతో మొదటి సదస్సు పెట్టినవాళ్లు యంత్రం నేర్చుకోవడం గురించి ఆలోచించారు. ఇందులో నేర్చుకునేదే లేదు.

లేని ఏఐని ఉందని చెప్పుకున్నందుకు 2024 మార్చిలో అమెరికాలో రెండు పెట్టుబడి సలహా సంస్థలకు అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ జరిమానా వేసింది. ఇక్కడ మామేమో, "నాకే వాడటం రావడం లేదేమో నాయనా" అంటున్నాడు. రాత్రంతా ఆ మాటే గుర్తొచ్చింది.