చిన్న మోటార్‌హోమ్: కొనే ముందు లెక్కలు, ఇప్పటిదాకా తేలినవి

మోటార్‌హోమ్ అంటే లోపలే పడక, వంట ఉండే బండి. పరుపు, పొయ్యి చూస్తే ప్రతి బండీ నచ్చుతుంది. అందుకే ముందు ఆర్‌సీ చూడాలి. అందులో ‘మోటార్ కారవాన్’ అని ఉండాలి. వాహన పరిశ్రమకు ఉన్న ఏఐఎస్-124 ప్రమాణం ఆ తరహా బండ్లదే. గూడ్స్ వ్యాన్ ఆర్‌సీతోనే లోపల మంచం బిగించి అమ్మితే అనుమతి లేకుండా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు.

బరువు లెక్క: 12 ఎంఎం ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటే 20 కిలోలు దాటుతుంది. నాలుగు షీట్లు, 40 లీటర్ల నీళ్లు, బ్యాటరీ, ఫ్రిజ్, ప్యానెల్, చిన్న సిలిండర్ కలిపితే 200 కిలోల దాకా తేలింది. మనుషులు ఇంకా ఎక్కనే లేదు.

కరెంటే అసలు తలనొప్పి. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు. 45 వాట్ల ఫ్రిజ్ మే నెలలో సగానికి పైగా సమయం నడుస్తుంది, రోజుకు 600 వాట్ అవర్ల దాకా తాగుతుంది. ఫ్యాను పది గంటలకు 250. పైన 200 వాట్ల ప్యానెల్ ఇచ్చేది మంచి ఎండలో 750, 800. ప్యానెల్ వేడెక్కితే అదీ తగ్గుతుంది, కాబట్టి టాపుకు అంగుళం పైకి లేపి బిగించాలి. టన్ను ఏసీ పెడితే ఈ బ్యాటరీ గంట సేపే. నల్లగొండ ఎండాకాలం రాత్రి ఏసీ లేకుండా రేకు డబ్బాలో నిద్ర పట్టదు. అంటే ఏప్రిల్, మే నెలల్లో బండి షెడ్డులోనే.

ట్రయల్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతోంది. తప్పు వైరుది: 1.5 చదరపు ఎంఎం, పోను రాను 8 మీటర్లు. కంప్రెసర్ లేచేటప్పుడు ఒక వోల్టు దాకా పడిపోయి, వోల్టేజీ చాలక ఫ్రిజ్ తనంతట తానే కటాఫ్ అవుతోంది. 4 చదరపు ఎంఎం వేసి, బ్యాటరీకి జానెడు దూరంలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాక సరిపోయింది.

నీళ్లకు ఫిక్స్‌డ్ ట్యాంకు వద్దు. మన బోరునీళ్లలో ఫ్లోరైడ్ కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. మంచినీళ్లు తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్లు రెండు, 12 వోల్టుల చిన్న పంపు చాలు.

లాభం ఎక్కడంటే టాయిలెట్. ఇంట్లో పెద్దవాళ్లుంటే దారిలో అదొక్కటే లక్షల విలువ. శ్రీశైలం వెళ్లేవాళ్లు మాత్రం అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందని గుర్తుపెట్టుకుని, ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవాలి.

తర్వాతి పని: అద్దె బండిని పూర్తి సామానుతో ధర్మకాంట ఎక్కించి, ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూచడం.