17.4

బుధవారం, రాత్రి పదిన్నర.

పొద్దున మార్కెట్ యార్డులో రెండు గంటలు నిలబడ్డాను. ధాన్యం రాశి పక్కనే పట్టా పరుచుకుని పడుకుంటున్న ఒక పెద్దాయన, తేమ యంత్రం చూపిన అంకెను నా పుస్తకంలో తానే రాశారు: 17.4. తేమ పదిహేడు శాతం దాటితే కొనరు. ఆ కాస్త తేమ ఆరడానికి నాలుగు రోజులుగా ఎండబోస్తున్నారు. "అంకె మాత్రం వదిలిపెట్టకు బాబూ" అన్నారు. నేను వదల్లేదు. సాయంత్రానికి మా పత్రిక డెస్కులో నా వార్త మూడు వాక్యాలకు కుదించుకుపోయింది, అంకె లేదు.

అన్నం తినబుద్ధి కాలేదు. ఇంగ్లీషు థ్రిల్లర్ నవలల రచయిత ఫ్రెడరిక్ ఫోర్సైత్ జీవితం గుర్తుకొచ్చింది. ఆయనా ఇంగ్లండ్‌లో కింగ్స్ లిన్ అనే చిన్న ఊళ్లో స్థానిక పత్రిక విలేకరిగానే మొదలయ్యారు. 1961లో రాయిటర్స్ వార్తా సంస్థలో చేరి పారిస్ వెళ్లారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్‌ను ఎవరైనా చంపితే ఆ కబురు వెంటనే పంపాలి కాబట్టి, ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లేవారు.

నన్ను పట్టి నిలిపేది మాత్రం నైజీరియా నుంచి విడిపోతామన్న బయాఫ్రా ప్రాంతం కథ. 1967లో బీబీసీ తరఫున నైజీరియా అంతర్యుద్ధానికి వెళ్లారు. కళ్లారా చూసినదానికీ బీబీసీ చెప్పమన్నదానికీ పొంతన కుదరక మరుసటి ఏడు ఉద్యోగం వదిలి, సొంతంగా మళ్లీ అక్కడికే చేరారు. ఆకలితో పొట్టలుబ్బిన పిల్లల మధ్య తిరిగి 1969లో పుస్తకం రాశారు. ఆయన నవలలన్నిటికంటే దానికే నేను చేతులెత్తి మొక్కుతాను.

లండన్ తిరిగొచ్చేసరికి చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు. 1970 జనవరిలో, బుల్లెట్ గీరుకుపోయిన పాత టైప్‌రైటర్ ముందు కూర్చుని 35 రోజుల్లో 'ది డే ఆఫ్ ది జాకల్' పూర్తి చేశారు. ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. ద గాల్ బతికే ఉన్నారు కదా, ఆయన్ని చంపబోయిన హంతకుడు ఓడిపోతాడని అందరికీ తెలిసిన కథ ఎవరు చదువుతారన్నారు. 1971లో అచ్చయ్యాక లోకమంతా చదివింది. చనిపోయిన పసివాడి జనన ధ్రువపత్రంతో దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించవచ్చో మెట్టు మెట్టుగా చెప్పిన ఆ పేజీలు చదువుతుంటే ఊపిరి బిగబట్టుకుంటాం. విలేకరిగా అడిగి, చూసి, సరిచూసుకున్న చెయ్యి అది.

నా నోటు పుస్తకం తీసి పొద్దుటి పేజీ మళ్లీ చూశాను. పెద్దాయన రాసిన 17.4లో ఏడు అంకె కొంచెం వంగి ఉంది. రేపు ఆరింటికే యార్డుకు వెళ్లాలి, యంత్రం ఎంత చూపిస్తుందో.