బయోటినిడేజ్ లోపం: కంటి నరం ఎండిపోకముందే

మా కడప వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ మాట చెప్పాల్సిందే. పసిబిడ్డకు ఫిట్స్ మందులకు లొంగకపోయినా, జుట్టు రాలుతూ నోటి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచినా, బయోటినిడేజ్ అనే ఎంజైము పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి.

తిండిలో ప్రోటీన్‌కి అతుక్కున్న బయోటిన్ అనే బి విటమిన్‌ని విడదీసేది, ఒంట్లో వాడినదాన్ని మళ్లీ పనికి తెచ్చేది ఈ ఎంజైమే. అమ్మ నుంచీ నాన్న నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే జబ్బు. ఎంజైము మామూలులో 10 శాతం కన్నా తక్కువుంటే తీవ్రమైన లోపం. వైద్యం లేకపోతే చెవుడు రావచ్చు, కంటి నరం దెబ్బతినొచ్చు. నరం ఎండిపోయాక చూపు తిరిగి రావడం కష్టం. కొందరికి బడి వయసులో చూపు మందగించి కాళ్లు బిగుసుకుంటాయి. దాన్ని వేరే నరాల జబ్బనుకుని నెలలు గడిపేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఈ పరీక్షకు బిడ్డ మడమ గుచ్చి ఫిల్టర్ కాగితం మీద రక్తపు చుక్కలు తీస్తారు. నీడలో, పరిచినట్టు పెట్టి ఆరబెట్టాలి. మన మే నెల ఎండకి బండి డిక్కీలో పడేస్తే ఎంజైము చచ్చి, లేని లోపం ఉన్నట్టు వస్తుంది.

మందు బయోటినే. తీవ్రమైన లోపానికి సాధారణంగా రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, జీవితాంతం. మాత్ర నలిపి రెండు చెంచాల తల్లిపాలలో కలిపి పట్టండి. సీసాలో కలిపితే అడుగున మిగిలిపోతుంది. పచ్చి గుడ్డు తెల్లసొన బయోటిన్‌ని పట్టేసుకుంటుంది, ఉడికిస్తే ఫరవాలేదు. థైరాయిడ్ పరీక్షకు వెళ్తే బయోటిన్ వాడుతున్నామని ల్యాబ్‌లో ముందే చెప్పండి, ఆ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అనే హార్మోను తప్పుగా తక్కువ చూపించొచ్చు. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

తోబుట్టువులు బాగానే కనిపిస్తున్నా వాళ్లకీ పరీక్ష చేయించండి. ఒక్కొక్కరికీ ఈ జబ్బు ఉండేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది.