పరపతి సంఘంలో నా పరపతి

నిన్న సాయంత్రం మా ఊరి పొదుపు సంఘం పాస్‌బుక్ నా చేతికొచ్చింది. సార్వా (ఖరీఫ్) వరి ఊడ్పుల రోజుల్లో దరఖాస్తు పెడితే కోతలయ్యాక ఖాతా ఇచ్చారు. పంటకు కూడా అంతే కాలం పడుతుంది కాబట్టి వాళ్ళని అనడానికి లేదు. కానీ మధ్యలో నాకు జరిగిన మర్యాద ఎవరికైనా చెప్పుకోకపోతే అన్నం సయించేలా లేదు.

ముందు నా బాగోతం చెప్పాలి. మాది పాలకొల్లు అవతల, చించినాడ వంతెనకు ఈవలి పక్క ఊరు. 2019 జనవరిలో రెండెకరాల చెరువు కౌలుకు తీసుకుని వనామీ రొయ్య వేశాను. అందుకోసం ఒక ఫైనాన్స్ కంపెనీలో 2 లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నాను. మొదటి పంట బాగానే వచ్చింది. ఆ ఊపులో ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి మళ్ళీ చెరువులో పోశాను. 2020 మార్చి నాటికి ఒకపక్క తెల్లమచ్చ తెగులు, ఇంకోపక్క లాక్‌డౌన్. వంద కౌంట్‌కి, అంటే కిలోకి వంద తూగే సైజుకి కూడా రాని రొయ్యని అర్జెంటుగా పట్టుబడి చేసి, అడిగిన రేటుకి వదిలేసుకున్నాను. అప్పటికి 14 కిస్తీలు ఒక్క రోజు కూడా ఆలస్యం లేకుండా కట్టిన వాడిని. ఆర్నెల్లు కట్టక్కర్లేదు, మారటోరియం అన్నారు. ఆ ఆర్నెల్ల వడ్డీ వెళ్ళి అసలుకి అంటుకుంటుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత 15వ కిస్తీ కట్టలేకపోయాను. 16వది సరేసరి.

వసూలు వాళ్ళు రాత్రి తొమ్మిదింటికి వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ కూడా చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో తేల్చి చెప్పింది. అప్పటికే మా అమ్మ వాళ్ళకి చాలాసార్లు టీ పెట్టిచ్చింది.

చివరికి 2022 ఆఖరులో ఒక ఏజెంటు వచ్చి, "బాకీ 1,06,000 ఉందండి, మీరు 65,000 పడేస్తే సెటిల్ చేసేస్తాను" అన్నాడు. మా ఆవిడ నల్లపూసల గొలుసు అమ్మి కట్టాం. ఇంగ్లీషులో ఒక కాగితం ఇచ్చారు. దాన్ని మడిచి వెంకటేశ్వరస్వామి పటం వెనకాల పెట్టి, లోను సెటిల్ అయిపోయిందని ఊళ్ళో నలుగురికీ చెప్పాను. ఆ మాటే నా కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు.

ఈ ఏడు మా అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. ఫీజు కోసం బ్యాంకుకి వెళ్తే మేనేజరు గారు కంప్యూటర్‌లో ఏదో చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ప్రస్తుతానికి కుదరదండి" అన్నారు. బయట మూడు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి నూటికి 36. మా ఆవిడకైతే డ్వాక్రా ఉంది, గ్రూపులో మాట ఉంది. ఆవిడకున్న పరపతి నాకు లేదని అప్పటికే ఇంట్లో తేలిపోయింది. నాకు మిగిలిన దారి మా ఊరి పొదుపు పరపతి సంఘం. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పెట్టుకున్నది. నెలకు 200 పొదుపు, ఆర్నెల్లు దాటితే దాచిన దానికి మూడు రెట్లు అప్పు, రూపాయి వడ్డీ.

దరఖాస్తు, ఆధార్, రెండు ఫోటోలు, వాటా ధనం 500, ప్రవేశ రుసుము 100. ఇదంతా ఒక పూట పని. సభ్యుడు కాబోయేవాడు ఎక్కడా ఎగవేతదారు అయి ఉండకూడదని వాళ్ళ నియమావళిలో ఉందట. అందుకని మన అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టు ప్రింట్ తెమ్మన్నారు. పాలకొల్లు బస్టాండు దగ్గర నెట్ సెంటర్ కుర్రాడు తీసిచ్చి 200 గుంజాడు. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి రూలు ఉంది. అది కూడా ఒక్క సిబిలే కాదు, అలాంటి కంపెనీలు నాలుగున్నాయి, నాలుగూ ఇవ్వాలి. ఆ కుర్రాడికి ఇది తెలుసు. నాకు తెలీదని కూడా వాడికి తెలుసు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటే. ఆ కాగితాల్లో ఒక్కటీ చదవకుండా, పిన్ను కొట్టించి, నేరుగా తీసుకెళ్ళి సంఘంలో ఇచ్చేశాను. అదీ 10వ తారీఖున. పొదుపు కట్టడానికి ఆఖరి రోజు కాబట్టి గది నిండా జనం. బల్ల దగ్గర లెక్కలు రాసే అబ్బాయి హైస్కూల్లో నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యా అని పిలుస్తాడు. పక్కన కోశాధికారి గారు. పెద్దాయన, మనిషి బంగారం, కాకపోతే కుడిచెవి వినపడదు.

ఆ అబ్బాయి పేజీలు తిప్పి తిప్పి ఒక చోట ఆగాడు. వేలు పెట్టి చూసుకున్నాడు. "అన్నయ్యా, ఇక్కడ సెటిల్డ్ అని ఉందేంటి?" అన్నాడు.

నేను నవ్వుతూనే, "అవును తమ్ముడూ, సెటిల్ చేసేశానుగా" అన్నాను.

"ఏమంటాడు?" అన్నారు పెద్దాయన.

"సెటిల్డ్ అంటండి!" అని ఆయన చెవిలో అరిచాడు వీడు.

"సెటిల్ అయ్యాడా? మంచిదే కదరా! పిల్లలు కూడా సెటిలైతే ఇంకా మంచిది. చేర్చుకోండి" అన్నారు ఆయన, నా వైపు చూసి చెయ్యెత్తి దీవిస్తూ.

"ఆ సెటిల్ కాదండీ! అప్పు పూర్తిగా కట్టలేదు, సగంలో తెంపించుకున్నాడని! 41,000 కంపెనీకి నష్టం అని రాశారండి!"

గదిలో ఫ్యాను శబ్దం తప్ప ఏమీ లేదు. తర్వాత మూలనున్న వాడెవడో కిసుక్కుమన్నాడు. ఆపైన అందరూ నవ్వారు. పెద్దాయనకి ఇంకా అర్థం కాక, వాళ్ళతో పాటు తనూ నవ్వారు. నా స్కోరు 571 అని కూడా ఆ అబ్బాయి చదివాడు. 300 నుంచి 900 దాకా ఉంటుందని, 750 పైన ఉంటే మంచిదని, పాఠం చెప్పినట్టు చెప్పాడు. పదో తరగతి మార్కులు ఊళ్ళో చదివినప్పుడు కూడా నాకు అంత సిగ్గనిపించలేదు. అప్పుడు కనీసం పాసయ్యాను.

మా వాడకంలో సెటిల్ అయ్యాడంటే ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, అన్నీ అమరాయని. వాళ్ళ రిపోర్టులో సెటిల్డ్ అంటే మొత్తం కట్టలేక తగ్గించుకుని వదిలించుకున్నవాడని. పూర్తిగా కట్టినవాడికి క్లోజ్డ్ అని పడుతుంది. ఏజెంటుకి ఈ తేడా తెలియదనుకోను. వాడికి వాడి కమీషన్ ముఖ్యం. మీలో ఎవరైనా అప్పు తగ్గించుకుని కట్టబోతుంటే, ఎంత తగ్గిందన్నది కాదు, చివర్లో ఏ మాట రాస్తారన్నది అడగండి. రాతపూర్వకంగా అడగండి. అప్పు తీసుకోవడం తప్పు కాదు, మునగడం కూడా తప్పు కాదు. రొయ్యల్లో మునగనివాడు మా వైపు ఎవడున్నాడు? చదవకుండా సంతకం పెట్టడమే తప్పు. ఈ ముక్క మా నాన్న చెప్పేవాడు, నేను వినేవాడిని కాదు.

అధ్యక్షుడు గారు నన్ను పక్కకు పిలిచి, ఆ మిగిలింది కట్టేసి, బాకీ లేదనే నో డ్యూస్ కాగితం తెస్తే కమిటీలో పెడతామన్నారు. దాంతో పాటు పాత సభ్యులిద్దరు పూచీ సంతకం చేయాలన్నారు.

ఫైనాన్స్ కంపెనీ పాలకొల్లు ఆఫీసు ఎప్పుడో ఎత్తేశారు. భీమవరం జిల్లా కేంద్రమయ్యాక అందరూ అక్కడికే చేరారు. వీరవాసరం మీదుగా బస్సులో మూడుసార్లు తిరిగాను. మొదటిసారి, "మీ లోను మా సిస్టమ్‌లో లేదండి." రెండోసారి, "ఉంది గానీ మేము తీయలేం, కస్టమర్ కేర్‌కి చెయ్యండి." కస్టమర్ కేర్‌లో పాట వినిపిస్తారు, అంతే. మూడోసారి కొత్తగా వచ్చిన అమ్మాయొకత్తి, "డబ్బు కడతానని ఇంత తిరిగేవాళ్ళని మొదటిసారి చూస్తున్నానండి" అంది. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేలలేదు.

చివరికి మా అమ్మాయి సెల్లులో కూర్చుని వాళ్ళ ఫిర్యాదుల అధికారికి ఒక మెయిలు కొట్టింది. విషయం రెండు లైన్లు. మూడో లైను నేను చెప్పి రాయించాను: 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి గొడవలు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెడతాను, దానికి పైసా ఖర్చు లేదని నాకు తెలుసు. మూడుసార్లు తిరిగితే కానిది మూడో రోజున అయ్యింది. ఫోన్ చేసి అండీ గిండీ అన్నారు. 41,000 కట్టేశాను. అందులో 15,000 మా ఆవిడ గ్రూపు డబ్బు, మిగతాది దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు. నో డ్యూస్ సర్టిఫికెట్ వచ్చేసరికి సెప్టెంబరు సగం అయిపోయింది.

అయినా రిపోర్టులో మాట మారలేదు. అప్పులిచ్చేవాళ్ళు ఎప్పటికప్పుడు సిబిల్‌కి వివరాలు పంపాలట. మా వాళ్ళకి నా సంగతి పంపడానికి తీరికలేదు. సిబిల్ సైట్‌లోనే తప్పు దిద్దమని డిస్ప్యూట్ పెట్టి సర్టిఫికెట్ జత చేశాం. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 చొప్పున మనకి ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి ఉంది. 26వ రోజున తేల్చేశారు. ఒక నాలుగు రోజులు ఆగి, ఆపైన ఇంకో నెల జాప్యం చేసుంటే నాకు కొంత గిట్టేది. క్లోజ్డ్ అని పడింది గానీ కిస్తీలు తప్పిన నెలల మచ్చలు అలాగే ఉన్నాయి. అవి పోవడానికి టైం పడుతుంది. డబ్బులిస్తే రెండు రోజుల్లో స్కోరు పెంచుతామనే వాళ్ళ నంబర్లు కరెంటు స్తంభాల మీద కనపడతాయి, చెయ్యకండి.

పూచీ సంతకాల దగ్గర మనుషులు తెలిశారు. మా బావ దగ్గరికి ముందు వెళ్ళాను. చెరువులో డబ్బులొచ్చినప్పుడు వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి నేను బీరువా కొనిచ్చాను. "బావా, మీ చెల్లెల్ని ఒక మాట అడిగి చెబుతాను" అన్నాడు. నాలుగు నెలలైంది, ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఆ బీరువా మాత్రం వాళ్ళ హాల్లో తళతళలాడుతోంది.

మొదటి సంతకం మా స్కూలు మేష్టారు పెట్టారు. రెండోది నేను అనుకోనిది. మా వీధిలో చేపలమ్మే పిన్ని. సంఘం పెట్టినప్పటి నుంచీ సభ్యురాలు. 2020లో నా చెరువు పోయినప్పుడు కాగితం ముక్క లేకుండా 20,000 చేతిలో పెట్టింది. ఆ డబ్బు ఏడాది లోపు ఆవిడకి ముందు కట్టాను, ఫైనాన్స్ వాడికి కాదు. నేనడగలేదు, ఆవిడే ఎవరి ద్వారానో విని ఉదయాన్నే గంప దింపి మా అరుగు మీద కూర్చుంది. "కాయితం తే" అంది. చేతులు రెండుసార్లు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, అయినా కాగితం మీద వేలి తడి పడింది. పేరులో ఐదక్షరాలు. ఒక్కో అక్షరానికీ నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఆఖరి అక్షరానికి కొమ్ము పెట్టడం మర్చిపోయి మళ్ళీ వెనక్కొచ్చి పెట్టింది. "నువ్వు ఎగ్గొడితే నేను నీ గుమ్మంలో కూచుంటాను, ఆ కుర్రాళ్ళలాగా టీ తాగి పోను" అంది. ఆయ్, ఆ ఒక్క మాట చాలు, ఈ సంఘానికి ఒక్క కిస్తీ కూడా తప్పను.

ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి ఊరి సంఘాల్లో ఉన్నదంతా దాచకండి. బ్యాంకులో డిపాజిట్‌కి 5 లక్షల దాకా బీమా ఉంటుంది, ఇక్కడ ఉండదు. నేను నెలకి 200 కట్టి, ఆర్నెల్ల తర్వాత అప్పుకి అడుగుతాను, అంతవరకే. మామూలు సేవింగ్స్ ఖాతాకి స్కోరుతో పని లేదు, దాని కోసం ఇన్ని తిప్పలు పడకండి.

నిన్న వెళ్తే అదే గది, అదే బల్ల. ఆ అబ్బాయి ఈసారి గొంతు తగ్గించి, "అన్నయ్యా, ఆ రోజు నేను అలా చదవకుండా ఉండాల్సింది" అన్నాడు. పర్లేదన్నాను. పర్లేదని కాదు, అనాలి కాబట్టి అన్నాను. కొత్త రిపోర్టు చూసి పాస్‌బుక్ మీద పేరు రాస్తుంటే పెద్దాయన ముందుకు వంగారు.

"ఏరా, ఇప్పటికైనా సెటిల్ అయ్యాడా?"

"లేదండి! క్లోజ్ అయిపోయాడండి!"

పెద్దాయన కంగారుగా నన్ను పైనుంచి కిందికి చూశారు. ఈసారి అందరికంటే ముందు నేనే నవ్వాను.

పొదుపు 200కి 500 నోటిచ్చాను. చిల్లర లేదని మిగతా 300 వచ్చే నెలకి జమ వేసుకున్నారు.