పేరు ఒకటే, రాణి వేరు
స్పెయిన్‌లోని లియోన్‌లో దిగింది పన్నెండో శతాబ్దంలో ఇక్కడ రాజ్యం ఏలిన ఉర్రాకా రాణి కోసం కాదండీ, యాత్రికుల ఊరు సాంటియాగో వెళ్లే దారిలో ఒక రాత్రి ఆగుదాం అనుకున్నా అంతే. మాడ్రిడ్ నుంచి ట్రైన్లో రెండు గంటల పైనే. సాన్ ఇసిడోరో చర్చి దగ్గర షాపులో ఒక బంగారు కప్పు పోస్ట్‌కార్డ్ కనిపించింది, కింద "డోన్యా ఉర్రాకా" అని ఉంది, ఓహో ఆ రాణిదే అనుకుని కొనేశా.

లోపలికి వెళ్లాక తెలిసింది, అది రాణిది కాదు, రాణి మేనత్తది! ఇద్దరి పేరూ ఉర్రాకానే. పాత రోమన్ రాతి కప్పులు రెండు తీసుకుని బంగారంతో, రత్నాలతో ఒకటిగా బిగించి మేనత్త చర్చికి ఇచ్చిందట. 2014లో ఇదే ఏసుక్రీస్తు చివరి విందు కప్పు అని ఒక పుస్తకం వచ్చింది, ఇక చూడండి జనం. అసలు రాజ్యం ఏలిన మేనకోడల్ని మాత్రం అడిగేవాళ్లు లేరు.

ఆవిడ కథ ఏంటంటే, 1107లో భర్త పోయాడు, 1108లో ఉక్లేస్ యుద్ధంలో తమ్ముడు పోయాడు, 1109లో తండ్రి ఆరో అల్ఫోన్సో కూడా పోయాడు, దాంతో లియోన్, కాస్టిల్ రెండూ ఆవిడ చేతికొచ్చాయి. అదే ఏడాది ఆరగాన్ రాజుతో రెండో పెళ్లి, మగదిక్కు ఉండాలని పెద్దమనుషుల పట్టు. ఆ మొగుడు చేయి చేసుకునేవాడట, కాలితో తన్నాడని కూడా రాశారు. చివరికి దగ్గరి బంధుత్వం అన్న కారణం మీద చర్చి ఆ పెళ్లి చెల్లదంది, ఈలోపే ఇద్దరి సైన్యాలూ కొట్టుకున్నాయి. మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకుని గలీసియాలో, అంటే సాంటియాగో ఉన్న ప్రాంతంలో, అక్కడి బిషప్ హెల్మీరెస్ 1111లో రాజుని చేశాడు, అటు పోర్చుగల్ వైపు సవతి చెల్లెలు తెరేసా. ఇన్ని వైపుల నుంచి లాగుతున్నా 17 ఏళ్లు, 1126లో పోయేదాకా, దిగలేదు.

సాన్ ఇసిడోరోలోనే ఉన్న రాజుల సమాధుల గది చిన్నది, తలెత్తితే పైకప్పు నిండా బొమ్మలే, ఒక పక్క నెలకో బొమ్మ. ఫిబ్రవరికి మంట దగ్గర చలి కాచుకునే ముసలాయన, సెప్టెంబర్‌కి ద్రాక్ష కోత, నవంబర్‌కి పంది, ఇంకో పక్క తన కుక్కకి పాలు పట్టిస్తున్న గొర్రెల కాపరి. దేవుడి బొమ్మల కంటే నాకు ఆ కుక్కే నచ్చింది, నిజం. ఇవి ఉర్రాకా కాలంలోనే వేశారని కొందరు చరిత్రకారులు అంటారు. ఆవిడని పెట్టింది ఇక్కడే, కానీ 1808లో నెపోలియన్ సైనికులు సమాధులన్నీ చిందరవందర చేశారు, ఎవరి ఎముకలు ఎవరివో తెలియకుండా పోయాయి.

రెండు రోజుల తర్వాత సాంటియాగో. నడిచొచ్చిన యాత్రికులు కెథెడ్రల్ ముందు బూట్లు విప్పేసి బండల మీద పడుకుని ఉన్నారు, మన అలిపిరి మెట్లెక్కి వచ్చినవాళ్ల మొహాలు గుర్తొచ్చాయి. నేనేమో 1117 గురించి ఆలోచిస్తున్నా. ఆ ఏడు ఊరు తిరగబడింది, రాణీ బిషపూ కెథెడ్రల్ టవర్లో దాక్కుంటే కింద మంట పెట్టారు. "నిన్నేమీ చెయ్యం, బయటికి రా" అంటే ఆవిడ వచ్చింది. వచ్చాక బట్టలు చింపేసి బురదలో పడేశారు, ఒక ముసలామె రాయితో చెంప మీద కొట్టింది. బిషప్ మాత్రం మారువేషంలో జారుకున్నాడు! ఆవిడ సైన్యంతో తిరిగొచ్చి ఊరిని ముట్టడించి లొంగదీసుకుంది. ఇదంతా రాసిపెట్టింది ఎవరనుకున్నారు, ఆ బిషప్ మనుషులే. ఆవిడ మీద రాసిన తిట్లు చదివేటప్పుడు నేను అది గుర్తుపెట్టుకుంటా.

ఆ కప్పు పోస్ట్‌కార్డ్ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. చూసి ఎవరైనా అడిగితే, ఇది రాణిది కాదు మేనత్తది అని మొదలుపెడతా, మా ఆవిడ టీ పెట్టడానికి వెళ్లిపోతుంది.