మసకబారిన హెడ్‌లైట్లు

విజయవాడ ఎండలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన కారు హెడ్‌లైట్లు పసుపు పట్టి మసకబారడం సహజమే. నేటి కార్లలో వాటి ముందు భాగాన్ని పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దానిపై కర్మాగారంలోనే వేసిన రక్షణ పూత అతినీలలోహిత కిరణాలకు క్షీణించి పగిలిపోయాక, అసలు ప్లాస్టిక్కే రంగు మారుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే వచ్చే మెరుపు (ఈ చిట్కా చెప్పని వారు అరుదు) ఎక్కువ కాలం నిలవదు, ఎందుకంటే పోయిన పూత దానితో తిరిగి రాదు. ఆటోనగర్‌లో బాగుచేయించుకునేవారు చుట్టూ ఉన్న పెయింటుకు టేపు అంటించి, 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లతో (నీటితో తడిపి రుద్దే గరుకు కాగితాలు; నంబరు పెరిగే కొద్దీ నునుపు) తడి ఆరకుండా వరుసగా రుద్ది, పాలిష్ పెట్టి, చివరగా యూవీ క్లియర్ కోటు, అంటే అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పారదర్శక పూత, వేయమని అడగాలి. ఆ పూత వేయని చోట డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా. లోపల తేమ చేరిన హెడ్‌లైటుకు మాత్రం ముందుగా సీలు సరిచేయించాలి.